కుట్టుకు వదిలిన నేల

పదకొండు ప్యాంట్లకు ఒక కాలు నలుపూ ఇంకో కాలు ముదురు నీలమూ వచ్చిన రోజున ఆ కుట్టు వర్క్‌షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అవి కాపలా ఉద్యోగుల యూనిఫారాలు. వాళ్ళ మేనేజరు ఒక ప్యాంటు పట్టుకొచ్చి, వాకిట్లోకి నడిచి, ఎండలో రెండు కాళ్ళూ విడదీసి చూపించాడు. లోపల ట్యూబులైటు కింద ఒక్కటిగా ఉన్న రంగు బయట రెండై కూర్చుంది.

"మావాళ్ళు గేటు దగ్గర నిలబడాలండీ, సర్కస్‌లో కాదు" అన్నాడు.

ఆ బట్ట కోసింది మాస్టరమ్మ.

బట్ట కోసేవాళ్ళని కుట్టుపనిలో మాస్టరు అంటారు. ఈ మాస్టరు ఆడమనిషి కాబట్టి చివర అమ్మ చేరింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అందులో ముప్పై ఏడేళ్ళు కత్తెర పట్టుకునే గడిపింది. తండ్రిదీ ఇదే పని. ఆయన కూతురికి మిషను ఇచ్చాడు గానీ కత్తెర ఇవ్వలేదు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కోత తప్పితే బట్టే పోతుందని ఆయన భయం. ఒకసారి ఆయన జ్వరంతో పడుకున్నాడు. ఆగని ఆర్డరు ఒకటుంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల ఎవరినీ అడక్కుండా నలభై మంది వంటవాళ్ళకి కోట్లు కోసి పడేసింది. ఆయన లేచి ప్రతి ముక్కనీ టేపు పెట్టి కొలిచాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. మర్నాటి నుంచి ఆయన కత్తెర ఆవిడ బల్ల మీద ఉంది. ఆ ఇంట్లో మెచ్చుకోలు అంతకు మించి ఎప్పుడూ లేదు.

ఆ ప్యాంట్ల తర్వాత మాస్టరమ్మ కంటి డాక్టరు దగ్గరికెళ్తే జబ్బేమీ లేదన్నాడు. "వయసమ్మా. ముదురు రంగుల్లో తేడా తెలియాలంటే పగటి వెలుగులో పని చెయ్యండి. లైటు వెలుగు చాలదు" అని అద్దాలు మార్చి పంపాడు. కానీ పగటి వెలుగు ఎక్కడుంది? వర్క్‌షాపు అంటే ఒక పొడుగాటి వెనక గది. దానికున్న ఒకే ఒక్క కిటికీ పక్కింటి గోడని చూస్తూ ఉంటుంది. వీధి వైపు ముందు గది, దాని నిండా పరుచుకున్న పెద్ద కిటికీ, గడియారాలు బాగుచేసే ఆయనవి. ఇరవై ఏళ్ళుగా ఆ వెలుగులో కూర్చుని ఆయన నలుసంత స్క్రూలు బిగిస్తున్నాడు.

ఆయనే ఒకరోజు వచ్చి, ఏడు వారాల్లో గది ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. ఇంటి ఓనరు, మధ్య గోడకి తలుపు కొట్టుకుంటే గది మీకే ఇస్తానన్నాడు. వర్క్‌షాపు పెరుగుతోందని అందరూ సంతోషించారు. ఆ సంతోషం సాయంత్రం టీ వరకే నిలబడింది.

వర్క్‌షాపులో ఉండేది నలుగురు. మాస్టరమ్మ, ఆవిడ తమ్ముడు, తమ్ముడి భార్య, ఇస్త్రీ చేసే ఆవిరి. ఆవిరికి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, రోజంతా ఆవిరి పెట్టె మధ్యలోంచి మాట్లాడే మనిషిని ఇంకేమని పిలుస్తారు? తమ్ముడు కుట్టు మిషన్లు చూస్తాడు, కంప్యూటరులో డిజైన్లు వేసి ఎంబ్రాయిడరీ చేస్తాడు. మరదలు గుండీలు, అంచులు, చివరి తనిఖీ. పదకొండు ప్యాంట్లు ఆమె చేతిలోంచి కూడా దాటాయి. అది ఆమె ఎవరూ అడక్కముందే ఒప్పుకుంది.

తమ్ముడు ఆరు సూదుల ఎంబ్రాయిడరీ మిషను తెప్పిస్తున్నాడు. అది కిటికీ దగ్గర పెట్టాలని అతని కోరిక. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారు, చూసినవాళ్ళలో పదిమందికి ఒకరు లోపలికి వస్తారు. మాట తప్పు కాదు. మాస్టరమ్మకి కోత బల్ల కిటికీ దగ్గర కావాలి. ఆ మాటా తప్పు కాదు.

"అక్కా, నువ్వు తెల్లబట్ట చూసుకో. డాక్టర్ల కోట్లు, ఏప్రన్లు. ముదురుది నేను కోస్తా. నీకూ కళ్ళకి హాయి" అన్నాడు తమ్ముడు. మంచిగానే అన్నాడు.

వర్క్‌షాపుకి వచ్చే పనిలో నాలుగింట మూడొంతులు ముదురు బట్టే. ఆవిడ లెక్క వేసుకోనక్కర్లేకపోయింది. "అంటే నాలుగో వంతు మాస్టరునన్నమాట" అంది.

"అలా ఎందుకనుకుంటావ్?"

"ఎలా అనుకోమంటావ్?"

రెండు వారాలుగా చెప్పిందే చెప్పుకుంటుంటే వినలేక మరదలు దారం కొరికి పారేసి లేచింది. "వదినా, మీరూ మీ తమ్ముడూ మాటల్తో తేల్చుకునే రకం కాదు. ఎలాగూ రోజూ ఊళ్ళాట ఆడతారు కదా. కొత్త ఆట మొదలెట్టండి. నూరు వంతులు. నూరో వంతు అయ్యేసరికి ఎవరి ఊళ్ళు ఎక్కువుంటే కిటికీ వాళ్ళది. ఇక ఈ గొడవ నా చెవిన పడకూడదు."

ఊళ్ళాట అంటే కంప్యూటరులో ఆట. డిజైన్ల కంప్యూటరు ఒకసారి మొరాయిస్తే బాగుచేయడానికి వచ్చినతను ఎక్కించి పోయాడు. మొదట తెర మీద నక్షా, అంటే ఆ రాజ్యాల పటం, అంతా నల్లగా ఉంటుంది. మన మనుషులు నడిచిన మేరకు గడి గడిగా నేల తెరుచుకుంటుంది. నది, కొండ, గడ్డి, ఇసక. మంచి చోటు చూసి ఊరు కట్టాలి, ఆ ఊరి నుంచి ఇంకో కాపురపు బండి కట్టించి పంపాలి, అది వెళ్ళి ఇంకో ఊరు పెడుతుంది. మన పక్కనే వేరేవాళ్ళూ అదే పని చేస్తుంటారు. ఒకరి తర్వాత ఒకరు వంతు ఆడతారు. వర్క్‌షాపులో పద్ధతి ఏమిటంటే, పొద్దున టీకి ఒక వంతు, భోజనానికి ఒకటి, సాయంత్రం టీకి ఒకటి. శనివారం అయిదు. ఒకరు ఆడుతుంటే మిగతావాళ్ళు గోడ వైపు తిరగాలి. ఆడాక కంప్యూటరు మీద లైనింగు గుడ్డ కప్పాలి. ఒక ఆట పూర్తయ్యేసరికి ఒక్కోసారి కాలం మారిపోతుంది.

మాస్టరమ్మ ఆ ఆటలో చేరింది నక్షా చూసే. పరవని తానులా ఉంది ఆ నల్లటి నేల, ఎక్కడ ఏ ముక్క వస్తుందో చూడాలనిపించింది. కానీ ఎప్పుడూ గెలవలేదు. ఎవరి మీదకీ దండు తీసుకెళ్ళలేదు. నాలుగు ఊళ్ళు శుభ్రంగా పెట్టుకుని, రోడ్లు వేసుకుని, రెండో స్థానంలోనో మూడోదాంట్లోనో హాయిగా ఉండేది. తమ్ముడు మాత్రం పెళ్ళివారికంటే ముందొచ్చి పందిట్లో కూర్చునే రకం. ఎదుటివాడు కళ్ళు నులుముకునేలోపు ఇతని బండి వాళ్ళ గుమ్మంలో ఉంటుంది.

"నేనూ ఆడతా" అన్నాడు ఆవిరి.

"నువ్వు గెలిస్తే కిటికీ ఏం చేసుకుంటావ్?" అంది మరదలు.

"మంచం వేసుకుంటా. మధ్యాహ్నం గాలి బాగుంటుంది."

కంప్యూటరే రంగులు పంచింది. మాస్టరమ్మకి తెలుపు, తమ్ముడికి ముదురు నీలం, ఆవిరికి నలుపు. మరదలు తెర చూసి, ఆడపడుచు మొహం చూసి, "రంగులు మార్చుకుంటే పోలా?" అంది మెల్లగా.

"ఎందుకూ? నాకేం కనిపించదనా?" అంది మాస్టరమ్మ. మార్చలేదు.

వంతు క్రమంలో తమ్ముడు ముందు, ఆవిరి మధ్య, మాస్టరమ్మ ఆఖరు.

మొదటి వారంలో ఆవిడ తనకు తెలిసిన పద్ధతిలో ఆడింది. నది ఒడ్డున పెద్ద ఊరు, దానికి కుడివైపు రెండోది, ఎడమవైపు చెరువు దగ్గర మూడోది. ఒక్కో ఊరికీ చుట్టూ రెండేసి గడుల నేల సొంతంగా వస్తుంది. ఊరికీ ఊరికీ నేల అంచులు తగలకుండా మధ్యలో మూడు గడుల ఖాళీ వదిలింది. ఎందుకు వదిలిందో ఆవిడని అడిగినా చెప్పలేకపోయేది. ముప్పై ఏడేళ్ళుగా ఏ రెండు ముక్కలు గీసినా మధ్యలో కుట్టుకి బట్ట వదలడం చేతికి అలవాటు. వదలకపోతే చొక్కా బిగుతవుతుంది. అంతే.

రెండో వారం మొదట్లో ఒక పొద్దున లైనింగు గుడ్డ ఎత్తి చూస్తే, ఆవిడ మొదటి ఊరికీ రెండో ఊరికీ మధ్య ముదురు రంగు జెండాతో ఒక ఊరు లేచి ఉంది. ఆ మర్నాడు సాయంత్రానికి చెరువు వైపు ఖాళీలో ఇంకోటి.

"ఒరేయ్, ఇదేంట్రా? నా ఇంట్లో నీ వంటిల్లా?"

గోడ వైపు తిరిగి ఉన్న తమ్ముడి భుజాలు ఊగాయి. "ఖాళీగా ఉంది కదా అక్కా. ఎవరిదో తెలియలేదు."

"ఎవరిదో తెలియకేం, అటూ ఇటూ నావే కదా!"

"మరి మధ్యది ఎందుకు వదిలావ్?"

కుట్టుకి అని చెప్తే చచ్చేదాకా దెప్పుతాడు. కానీ మరదలికి అర్థమైపోయింది, ఆమె అంచు మడతపెడుతూ పడీ పడీ నవ్వింది. "మీ అక్క భూమికి కూడా మార్జిను పెట్టారండీ!"

ఇస్త్రీ బల్ల వైపు నుంచి ఆవిరి మధ్యవర్తిత్వం చేశాడు. "పోనీలెండి మాస్టరమ్మా, రేపు మీ ఊళ్ళు లావైతే విప్పి వదులు చేసుకోవచ్చు."

అప్పటికి తమ్ముడివి అయిదు, ఆవిడవి మూడు. ఆవిరిది ఒక్కటే. అతను ఊళ్ళు పెంచడం మానేసి ఉన్న ఒక్క ఊళ్ళో ఆకాశాన్నంటే కట్టడం ఒకటి మొదలెట్టాడు. రాళ్ళెత్తే పని తప్ప అతని రాజ్యంలో ఇంకేం జరగడం లేదు.

ఆ వారమే బేకరీవాళ్ళ కోట్లు వచ్చాయి. తెల్లబట్ట, పదహారు పొరలు. మాస్టరమ్మ బల్ల మీద పరిచి కాగితపు అచ్చులు సర్దడం మొదలెట్టింది. మొదట వీపు ముక్క, అది పెద్దది. దాన్ని అంచుకి తోసింది. తర్వాత ముందు ముక్కలు, తర్వాత చేతులు. కాలర్లూ జేబులూ నడుం పట్టీలూ ఆఖరున. వాటికి ప్రత్యేకంగా చోటు వెతకక్కర్లేదు, పెద్దవాటి సందుల్లో ఎక్కడో పడతాయి. కొత్తగా చేరినవాళ్ళు చిన్నముక్కలు ముందు సర్దుతారు, దగ్గర్లో పడతాయని. అలా చేస్తే చివర వీపు ముక్కకి బట్ట చాలదు. ఈ మాట ఆవిడ ఎంతమందికి చెప్పిందో, ఎంతమందిని తిట్టిందో లెక్క లేదు.

సుద్ద పట్టుకున్న చెయ్యి ఆగింది. "అచ్చం ఆ కొత్తవాళ్ళలాగే ఆడాను కదా!" అంది పైకే.

"ఎవరూ?" అంది మరదలు.

"ఎవరూ లేరు. నీ గుండీలు నువ్వు చూసుకో."

భోజనం వంతులో ఆవిడ కొత్త బండిని దగ్గరున్న గడ్డి నేల మీద పెట్టలేదు. ఆ గడ్డి నేల ఎక్కడికీ పోదు. బండిని దక్షిణానికి, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకుదారికి నడిపించింది. ఆరు వంతులు పట్టింది. తోడుగా ఇద్దరు విల్లువాళ్ళని పంపింది. తోడు లేని బండిని అడవి మూకలు ఎత్తుకుపోయిన సంగతి ఆవిడకి పాత ఆటల్లో అనుభవమే. ఇరుకుదారి మధ్యలో ఊరు పెట్టింది. దాంతో దక్షిణాన ఉన్న నేలంతటికీ తాళం పడింది. తాళంచెవి ఆవిడ దగ్గర. ఇక లోపలిది తీరిగ్గా నింపుకోవచ్చు.

తమ్ముడు తన వంతులో గుడ్డ ఎత్తి తెర మీదకి వంగాడు. "అక్కా, ఇక్కడికెప్పుడొచ్చావ్? నా బండి దారిలో ఉంది!"

"వెనక్కి తిప్పుకో. దారి బాగానే ఉందిగా."

నాలుగో వారం సగానికి ఆవిడవి ఆరయ్యాయి. తమ్ముడు తన ఉత్తరపు దిక్కున ఇంకో రెండు పెట్టుకుని ఏడు చేశాడు. ముందు గదిలో గడియారాలాయన అట్టపెట్టెలు కడుతున్నాడు. తాపీమేస్త్రీ వచ్చి తలుపు కొట్టాల్సిన చోట సుద్దతో గీసి పోయాడు. మాస్టరమ్మ ఆ గీత పక్కగా వచ్చిపోయేటప్పుడు అటు చూడకుండా నడిచేది.

డెబ్భై ఒకటో వంతులో పొరపాటు జరిగింది. ఇరుకుదారి పక్కన ముదురు జెండాతో రెండు దండులు నిలబడి ఉన్నాయి. తమ్ముడు దారి విడిపించుకోవడానికి వచ్చాడనుకుంది. గోడలు లేని ఊరిని దండు వచ్చి తాకేదాకా ఆగితే ఊరు పోతుంది, ఆగకుండా ముందే కొట్టాలి. ఇన్నేళ్ళ ఆటలో మొదటిసారి ఆవిడ ముందుగా చెయ్యెత్తింది. కొండ మీదున్న విల్లువాళ్ళు బాణాలేశారు, కింద కర్రవాళ్ళు ముగించారు. రెండు దండులూ పోయాయి. గుడ్డ కప్పేసి వచ్చింది.

సాయంత్రం ఆవిరి తన వంతుకి కూర్చున్నాడు. కాసేపటికి ఇస్త్రీపెట్టె కంటే ఎక్కువ బుస వినిపించింది.

"మాస్టరమ్మా! నన్నెందుకండీ కొట్టారు? నేను మీకేం చేశాను? మావాళ్ళు ఊరికే సముద్రం చూద్దామని వచ్చారు!"

గదిలో మిషన్లన్నీ ఆగాయి. మాస్టరమ్మ నలుపుని నీలం అనుకుంది. పదకొండు ప్యాంట్ల దగ్గర ఏం జరిగిందో తెర మీదా అదే జరిగింది. ఇప్పుడది ఒప్పుకుంటే నూరో వంతు దాకా ఆగాల్సిన పనే ఉండదు.

"సముద్రం చూడ్డానికి గొడ్డళ్ళెందుకు?" అంది.

"గొడ్డళ్ళు వాళ్ళ పనిముట్లండీ!"

"నా గుమ్మంలోకి పనిముట్లతో వస్తే నేనూ నా పనిముట్లు తీస్తా."

తమ్ముడు ఈల వేశాడు. "అక్క మారిపోయిందిరోయ్."

మరదలు తన గుండీల మీదకి తల వంచుకుంది. సాయంత్రం తాళం వేసి ఇద్దరూ నడుస్తుంటే మాత్రం, "వదినా, తెలియక కొట్టారు కదూ?" అంది.

మాస్టరమ్మ పది అడుగులు వేసింది. "వాడికి చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? కానీ తెర మీద బాణం గుర్తుని ఆ దండు మీద పెడితే పక్కన ఎవరిదో పేరొస్తుంది. రంగు చూడక్కర్లేదు, చదువుకోండి."

"ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా?"

"రంగులు మార్చుకోండంటేనే కళ్ళెర్ర చేశారు. ఇంకెక్కడ చెప్పమంటారు?"

మర్నాటి నుంచి మాస్టరమ్మ తన వంతుకి అందరికంటే ఎక్కువసేపు తీసుకుంది. కనిపించే ప్రతి దండు మీదా, ప్రతి ఊరి మీదా బాణం గుర్తు పెట్టి పేరు చదివింది. గోడ వైపు తిరిగినవాళ్ళ టీలు చల్లారిపోయాయి. బట్ట మంచిదో కాదో చూడ్డానికి కొసను వేళ్ళ మధ్య పెట్టి రుద్దుతారే, అలాంటి పని అది. ఆలస్యం, కానీ మోసం ఉండదు.

రెండు దండులు పోయిన ఆవిరి ఊళ్ళో ఇక కాపలాకి ఒక్కడే మిగిలాడు. ఆ ఊళ్ళో ఆకాశాన్నంటే కట్టడం పూర్తయి మెరుస్తోంది. తమ్ముడి కన్ను దాని మీద పడింది. ఆ ఒక్క ఊరూ పట్టుకుంటే ఎనిమిది, పైగా కట్టడం ఉచితం. దగ్గర్లో ఉన్న దండులన్నీ కూడగట్టి అటు నడిపించాడు. తొంభై ఒకటో వంతులో మాస్టరమ్మ అలవాటు ప్రకారం బాణం గుర్తు తిప్పుతూ పోయింది. తన రెండు ఊళ్ళ మధ్య లేచిన ఆ ఊరి మీద పెట్టింది. తమ్ముడి పేరుంది, కాపలా లేదు. చెరువు దగ్గరున్నదాని మీద పెట్టింది. అక్కడా లేదు. గోడ కూడా కట్టలేదు. అక్క ఏం చేస్తుందిలే అన్న ధీమా.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

"అక్కా, నిద్రపోయావా?" అన్నాడు తమ్ముడు గోడతో.

"లేదురా. దారం ఎక్కిస్తున్నా."

ఒకటో ఊళ్ళోంచి కర్రవాళ్ళు రెండడుగులు వేసి మధ్య ఊళ్ళోకి నడిచారు. యుద్ధం అనడానికి కూడా ఏమీ లేదు, తలుపు తీసి ఉన్న ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళారు. అదే వంతులో మూడో ఊరి కర్రవాళ్ళు చెరువు దగ్గరదాంట్లోకీ అలాగే నడిచారు. ఆ వంతు ముగిసేసరికి ఆవిడవి ఎనిమిది, తమ్ముడివి అయిదు.

తర్వాతి వంతుకి గుడ్డ ఎత్తిన తమ్ముడి అరుపు, ముందు గదిలో ఇంకా పెట్టెలు కడుతున్న గడియారాలాయనకి కూడా వినిపించింది. "ఏమైందండీ?" అని వచ్చాడు.

"ఏం లేదండీ, మా అక్క రెండు ఊళ్ళు తినేసింది" అన్నాడు తమ్ముడు. తర్వాత తల పట్టుకుని నవ్వాడు. "ఆవిరన్నని అప్పుడు ఎందుకు కొట్టావో ఇప్పుడర్థమైంది. అతన్ని బలహీనం చేసి, నాకు ఎర చూపించి, నన్ను బయటికి లాగావ్. ఇరవై వంతుల ముందు నుంచే! అమ్మో, ఏం ఎత్తు వేశావక్కా!"

మాస్టరమ్మ కత్తెరకి నూనె వేసుకుంటోంది. తల ఎత్తలేదు. మరదలు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది కాబట్టి నవ్వలేకపోయింది.

కానీ ఆట అయిపోలేదు. తమ్ముడు మొండివాడు. తొంభై నాలుగులో ఆవిరి ఊరు పట్టుకున్నాడు. ఆవిరి రాజ్యం పోయింది. "పోతే పోయింది, కట్టడం నేనే కట్టానని రాసుంటుందిగా" అని అతను ఇస్త్రీ చేసుకున్నాడు. తమ్ముడి దండులు అక్కడి నుంచే వెనక్కి తిరిగాయి. తొంభై ఎనిమిదిలో చెరువు దగ్గర ఊరు మళ్ళీ లాక్కున్నాడు. ఏడూ ఏడూ సమానం.

నూరో వంతు శనివారం మధ్యాహ్నం వచ్చింది. తమ్ముడు మొదటి ఊరి గోడ మీద చివరి దెబ్బ కొట్టి చూశాడు. విల్లువాళ్ళు నిలబడ్డారు. గుడ్డ కప్పి లేచాడు. "సమానం. ఇప్పుడేం చేద్దాం? ఇంకో పది వంతులా?"

"నా వంతు అవ్వలేదుగా" అంది మాస్టరమ్మ.

"నీ వంతులో ఏం చేస్తావ్? నా ఊళ్ళన్నిట్లో మనుషులున్నారు. ఈసారి లెక్కపెట్టుకునే వచ్చా."

ఆవిడ కూర్చుంది. మూడు వంతులుగా ఒక కాపురపు బండి దక్షిణపు ఒడ్డు వెంట నడుస్తోంది. అక్కడ సముద్రానికీ బండలకీ మధ్య నాలుగు గడుల ఇసక ఉంది. నీళ్ళు లేవు, పంట లేదు, ఏ రాజూ అటు తలెత్తి చూడలేదు. బండి దించి ఊరు పెట్టింది. తెర మీద చిన్న జెండా ఎగిరింది. ఎనిమిది.

ముగ్గురూ వచ్చి చూశారు.

"ఇసకలోనా?" అన్నాడు తమ్ముడు. "అక్కా, అక్కడ మనిషన్నవాడు బతుకుతాడా?"

"ఒక్క వంతు బతికితే చాలు నాకు."

తమ్ముడు తెర వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆట గురించి కాదు అతను ఆలోచిస్తున్నదని మాస్టరమ్మకి తెలుసు. ఆరు సూదుల మిషను మంగళవారం వస్తోంది. అతను దవడ గోక్కుని, "సరే. బల్ల ఏ వైపు తిప్పాలో చెప్పు" అన్నాడు.

సోమవారం తలుపు కొట్టారు. బుధవారం నాటికి దుమ్ము దులిపి, పన్నెండడుగుల బల్లని తమ్ముడూ ఆవిరీ చెరో కొసా పట్టుకుని కిటికీ కిందకి చేర్చారు. మిషను వెనక గదిలో, తలుపుకి ఎదురుగా పెట్టించింది మాస్టరమ్మ, వీధిలో వాళ్ళు వంగి చూస్తే కొంచెమైనా కనిపించేలా. ఆ మాత్రం అనుకూలం చెయ్యకపోతే ఎలా, రోజూ మొహాలు చూసుకోవద్దూ.

గురువారం పొద్దున నలుపు తానూ నీలం తానూ పక్కపక్కన విప్పింది. రెండూ రెండుగా కనిపించాయి. సుద్ద తీసుకుంది. మధ్యాహ్నం దాకా హోటలువాళ్ళ ప్యాంట్లు ముప్పై పొరలు కోసింది. మరదలు ప్రతి కట్టనీ వాకిట్లోకి తీసుకెళ్ళి ఎండలో చూసి వచ్చింది. ఒక్కటీ తప్పు లేదు.

మూడు దాటాక ఎదురింటి మేడ నీడ వీధి దాటి లోపలికి వచ్చింది. గడియారాలాయన మూడింటికే దుకాణం ఎందుకు కట్టేసేవాడో ఆవిడకి అప్పుడు తెలిసింది. బల్ల మీద ఇంకో ఇరవై పొరలున్నాయి, మర్నాడు పొద్దున్నే ఇవ్వాల్సినవి. ఆవిడ రెండు కొసలు చేత్తో పట్టుకుని, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పెట్టి చూసింది. అద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూసింది. తర్వాత కత్తెర బల్ల మీద పెట్టింది.

"తమ్ముడూ! ఒకసారి ఇట్రా."

అతను మిషను ఆపి వచ్చాడు. "ఏంటక్కా?"

"ఈ నలుపు నువ్వు కొయ్యి. ఇక నుంచి మూడు దాకా ముదురుది నాది. మూడు దాటితే నీది, నేను తెలుపు చూసుకుంటా."

తమ్ముడు ఆవిడ మొహంలోకి చూశాడు. "కిటికీ గెలిచి నాకిస్తావేంటి?"

"మూడింటి దాకా నాదేగా. ఎవరైనా అంతకంటే ఎక్కువ ఏం గెలుస్తారు?"

అతను కత్తెర అందుకున్నాడు. వాళ్ళ నాన్న కత్తెర అతని చేతికి కొంచెం బరువనిపించింది, ఇదివరకు పట్టుకుని చాలా ఏళ్ళయింది. బ్లేడు బల్లకి ఆనించకుండా గాల్లోంచి మొదలెట్టబోయాడు.

"ఎత్తకు, ఎత్తకు. కింద బ్లేడు బల్ల మీదే నడవాలి. నెమ్మది. ఊళ్ళ మీద పడ్డట్టు పడకు."

"సరే సరే."

"గీత లోపల కాదురా, గీత మీద!"

"నువ్వెళ్ళి నీ టీ తాగక్కా!" అన్నాడు తమ్ముడు. ఆవిడ వెళ్ళలేదు. స్టూలు లాక్కుని బల్ల కొసన కూర్చుని, తెల్లబట్ట మడతలు సరిచేస్తూ, అతను కోసే ప్రతి ముక్కనీ చూస్తూనే ఉంది.